రెండు పీఠములకు మ్రొక్కిన రాజు



ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని మన పెద్దలు చెప్పుదురు. మరి ఒక హృదయమున రెండు నిష్ఠలు ఇముడునా? కల్యాణప్రభువు బిజ్జలుని చరిత్రయే దీనికి సమాధానము.

కలచుర్యుడైన బిజ్జలుడు తొలుత చాళుక్యులకు మాండలికుడు. మూడవ తైలపుని బలహీనత కనిపెట్టి, 1162 నాటికి సింహాసనమును తనదిగా చేసికొనెను. ప్రభువునకు తప్పి సంపాదించిన పీఠము పోవునేమో యను భయము అట్టివానిని విడుచునా?

అతని కొలువున బసవేశ్వరుడు భండారి. బసవన్న నిజాయితీ రాజునకు కావలెను. బసవన్న బోధించిన సమత్వము మాత్రము కులపెద్దల యెదుట ఇబ్బందియయ్యెను. ఒక చేత శరణులను, మరియొక చేత వారి విరోధులను పట్టుకొని కొంతకాలము నడచెను.

పరీక్ష రానే వచ్చెను. బ్రాహ్మణ కులమున పుట్టిన మధువరసు కుమార్తెను చర్మకారుడైన హరళయ్య కుమారునకిచ్చి వివాహము చేసిరని సంప్రదాయము చెప్పుచున్నది. ఇద్దరును లింగధారులే. అయినను రాజు ఆ తండ్రులను క్రూరముగ దండించెను. బసవేశ్వరుడు కూడలసంగమమునకు తరలెను. చెన్నబసవన్న మొదలగువారు ఉళవి దిక్కునకు సాగిరి. 1167 ప్రాంతమున బిజ్జలుని పాలన ముగిసెను. అతడు జగదేవుని చేత హతుడయ్యెనని పాల్కురికి సోమనాథుని బసవపురాణము తెలుపుచున్నది. ఇరువదేండ్లయినను గడువకమునుపే కల్యాణము మరల చాళుక్యుల వశమయ్యెను.

రాతితో మలచినదొక్కటే విగ్రహమని తలపరాదు. దేనిని కోల్పోవుదుమను భయమున సత్యమును విడుతుమో, అదియే మనము కొలుచు విగ్రహము. బిజ్జలునకు సింహాసనమే అట్టి విగ్రహము. నిరపరాధుల ప్రాణములే దానికి నైవేద్యమయ్యెను.

షట్‌స్థలములలో భక్తస్థలమునకు శ్రద్ధ, దాని పైదగు మాహేశ్వరస్థలమునకు నిష్ఠ ప్రాణము. బసవన్న మాటలను చెవులార విన్న రాజు మొదటి మెట్టు కడనే నిలిచి, అచ్చటినుండి జారెను. వినుట వేరు, నిలుచుట వేరు.

మనకు రాజ్యములు లేవు. కాని వియ్యమందబోవునాడు ఎదుటివాని ఇష్టలింగము చూచిన పిదపకూడ ఉపకులమేమని అడుగుచున్నామా? మఠమున దాసోహపు పంక్తిలో ధనికునకొక పీట, పేదకొక మూల చూపుచున్నామా? అట్లయినచో బిజ్జలుని సింహాసనము మన యింటనే యున్నది. ఈ పూట లింగపూజకు కూర్చుండునప్పుడు ఎవరి ప్రశ్నకు వారే బదులు చెప్పుకొందురుగాక!

శరణు శరణార్థి.