తెలియక చేసిన తప్పు తప్పేనా?

పోయిన డిసెంబరులో మా పాఠశాల నుంచి కోలారుకు ఒకరోజు టూరు పోయినాము. శ్రీనివాసపురం నుంచి కోలారు 25 కిలోమీటర్లు ఉంటుంది, అంతే. ఆస్పత్రికి, బట్టల అంగడికి నేను ఎన్నోసార్లు పోయినాను. కానీ కోలారమ్మ గుడి లోపలికి పోవడం అదే మొదటిసారి. అక్కడ గోడల మీద రాజేంద్ర చోళుని కాలం నాటి తమిళ శాసనాలు ఉన్నాయి. తేలు కాటు నుంచి కాపాడే చేళమ్మ కూడా అక్కడే ఉంది. కన్నడంలో చేళు అంటే మన తేలే. అందరమూ చేళమ్మకు మొక్కుకున్నాము, ఎందుకంటే మా ఇండ్లల్లో తేళ్లకు కరువు లేదు.

ఆ గుడిలో యుద్ధం చెక్కిన రాయి ఒకటి ఉంది. దాని ముందర సార్ మమ్మల్ని నిలబెట్టి వీరగల్లుల గురించి చెప్పినారు. పూర్వం దొంగలు ఊరి ఆవులను తోలుకుపోతుంటే అడ్డం పోయి చచ్చిపోయినవాళ్లకు ఊరివాళ్లు రాయి నాటేవాళ్లంట. అది చాలావరకు మూడు అంతస్తులుగా ఉంటుంది. కింద వీరుడు కొట్లాడుతుంటాడు. మధ్యలో అప్సరసలు అతన్ని పైకి తీసుకుపోతుంటారు. పైన శివలింగం ముందర కూర్చొని ఉంటాడు. పక్కన సూర్యుడు, చంద్రుడు ఉంటారు. అవి ఉన్నంతకాలం ఇతన్ని మరిచిపోవద్దు అని దాని అర్థం.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో సార్ ఇంకో రాయి కథ చెప్పినారు. మండ్య జిల్లాలో ఆతకూరు అనే ఊరు ఉంది. సుమారు 950లో అక్కడ ఒక కుక్కకు రాయి నాటినారు. దాని పేరు కాళి. గంగరాజు బూతుగుడు తన దగ్గర పని చేసే మణలేరుడనే వీరుడు యుద్ధంలో చూపిన ధైర్యానికి మెచ్చి, ఏం కావాలో కోరుకోమంటే, అతను భూమి అడగలేదు, ఆ కుక్కను అడిగినాడు. ఆ కాళి పెద్ద అడవిపందితో పోరాడింది. రెండూ చచ్చిపోయినాయి. ఆ రాయికి పూజ జరగాలని భూమి కూడా రాసిచ్చినారు. ఆ భూమిని చూసుకునే గొరవడు పూజ చేయకుండా అన్నం తింటే కుక్క చేసిన పాపం అతనికి తగులుతుందని శాసనంలోనే చెక్కినారు. ఇప్పుడు ఆ రాయి బెంగళూరు మ్యూజియంలో ఉంది. "మరి పూజ లేదు కదా, వాళ్లకిచ్చిన మాట తప్పినట్టా, నిలబెట్టినట్టా?" అని సార్ అడిగినారు. బస్సంతా గోల. ఒకరు తప్పినట్టే అన్నారు. నా స్నేహితురాలు మాత్రం, "ఈరోజు మనం కాళి అని పేరు పలికినాము కదా సార్, అదే పూజ" అనింది. అప్పుడు నాకు అది చాలా బాగా అనిపించింది.

తర్వాత వచ్చిన ఆదివారం మా మామిడి తోపులో నీళ్ల తొట్టి దగ్గర యూనిఫారం ఉతుకుతున్నాను. అక్కడ బట్టలుతికే బండ ఒకటుంది. మా నాయన వాళ్ల తాత కాలం నుంచీ ఉందంట. "ఈ బండ మాదిరి ఊర్లో ఇంకోటి లేదు, గరుగ్గా ఉంది, మురికి బాగా పోతుంది" అని అవ్వ ఎప్పుడూ మెచ్చుకునేది. సబ్బు నురుగు మీద నీళ్లు పోస్తే, బండ పై మూలలో ఒక గుండ్రం, దాని పక్కన ఒక వంకర గీత కనిపించినాయి. సూర్యుడు, చంద్రుడు. నా చెయ్యి ఆగిపోయింది. కింద తట్టు చూస్తే ఒక కాలు ఉంది, విల్లు మాదిరి ఒక వంపు ఉంది. ముఖం లేదు. మేము ఉతికి ఉతికి ముఖం అరిగిపోయింది. అవ్వ మెచ్చుకున్న ఆ గరుకు ఒక మనిషి.

ఇంట్లో చెప్తే నాయన, "తెలియక చేసింది తప్పెట్ల అవుతుంది పాపా?" అన్నాడు. అవ్వ, "తెలియక తాకితే నిప్పు కాలదా?" అనింది. నేను చాలా దినాలు ఈ రెండు మాటలనూ పక్కపక్కన పెట్టుకొని ఆలోచించినాను.

బస్సులో ఒకరు తెలియక మన కాలు తొక్కుతారు. వాళ్లను మనం చెడ్డవాళ్లు అనము. అయినా కాలు నొస్తుంది, వాళ్లు కూడా "అయ్యో" అంటారు. అంటే నింద వేరు, బాకీ వేరు. మా ముత్తాత బ్యాంకులో అప్పు తీసుకొని ఉంటే, ఆ అప్పు నేను చేయలేదు అని తోపులో కాయలు తింటూ చెప్పేదానికి కాదు కదా. తోపు మాకు వచ్చింది, తోపుతోపాటు ఆ రాయి కూడా వచ్చింది. నాయన చెప్పినట్టు మాది తప్పు కాకపోవచ్చు. బాకీ మాత్రం మాదే అనిపిస్తుంది.

కానీ నిజం చెప్పాలంటే నన్ను బాధపెట్టేది ఇంకొకటి. నాకు నిజంగా తెలియదా? చిన్నప్పుడు అవ్వ ఉతుకుతుంటే నేను పక్కన కూర్చొని ఆ గుండ్రంలో వేలు పెట్టి తిప్పేదాన్ని. అది ఉలి పనే అని నాకు తెలుసు. ఎవరు చెక్కినారు, ఎందుకు చెక్కినారు అని ఒక్కసారి కూడా అడగలేదు. తెలియకపోవడంలో సగం అడగకపోవడమే. తెలియకుంటే తప్పు లేదు అని ఒప్పుకుంటే, ఏ గుడికీ పోకుండా, ఏ రాయినీ చూడకుండా ఉండేవాడే అందరికంటే మంచివాడు అవుతాడు. అది నేను ఒప్పుకోలేను.

మా శ్రీనివాసపురం పేరే చూడండి. ముందు దీని పేరు పాపనపల్లి అంట. దివాను పూర్ణయ్య తన కొడుకు శ్రీనివాసమూర్తి పేరు పెట్టినాడు. దివాను కొడుకు పేరు 200 ఏండ్లుగా అందరి నోట్లో ఉంది. కుక్కకు కూడా పేరు మిగిలింది. మా తోపులో మనిషికి మాత్రం లేదు. నా స్నేహితురాలు చెప్పిన మాట ఇక్కడ పనికిరాదు. పేరే లేనప్పుడు ఏమని పలకాలి?

సార్‌కు చెప్తే పురావస్తు శాఖకు ఒక జాబు రాస్తే మంచిది అన్నారు. నాయనకు భయం, తోపు మీదకు సర్కారు వస్తుందేమో అని. మ్యూజియంకు ఇచ్చేద్దామని మొదట నేనూ అనుకున్నాను. ఆతకూరు రాయి ఊర్లోనే ఉండి ఉంటే దాని మీద కూడా ఎవరో బట్టలు ఉతికి ఉంటారేమో. కానీ అక్షరాలు ఉన్న రాయి ఎక్కడున్నా తన కథ తానే చెప్తుంది. మా రాయికి అక్షరాలు కనిపించడం లేదు. అది చెప్పే ఒకే ఒక మాట, ఇక్కడ, ఈ ఊర్లో ఒకడు చచ్చినాడు అని. ఇక్కడి నుంచి తీస్తే ఆ మాట కూడా పోతుంది. అందుకే ఫోటో తీసి, కొలత తీసి రాసిపెట్టాలి, రాయి మాత్రం ఇక్కడే ఉండాలి అని నా అభిప్రాయం. నాయన ఇంకా సరే అనలేదు.

ఇప్పుడు రాయిని వేపచెట్టుకు ఆనించి నిలబెట్టినాము. ఎత్తేదానికి నలుగురు మనుషులు కావాల్సి వచ్చింది. అవ్వ దానికి నూనె పూసి, పసుపు కుంకుమ పెడుతుంది. నూనె పూస్తే మిగిలింది కూడా పాడవుతుంది అవ్వా అంటే, "ఎన్నేండ్లు ఎండకు పడి ఉన్నాడో, చల్లగా ఉండనీలే" అంటుంది. కుంకుమ వరకు ఒప్పుకున్నాను, నూనెకు రోజూ కొట్లాటే.

బట్టలకు నాయన సిమెంటు బండ పోయించినాడు. నున్నగా ఉంది. కాలరు మురికి పోదు. అవ్వ రోజూ తిట్టుకుంటూనే ఉతుకుతుంది, కానీ వేపచెట్టు తట్టు మాత్రం చూడదు.