పరమాణుగర్భమందలి మైత్రి

ఐకమత్యమే బలమని బాల్యమునుండి వినుచున్నాము. కాని ఐకమత్యమంతయు మేలైనదేనా? ఒక కులమువారో, ఒక మతమువారో, ఒక దేశమువారో గట్టిగా కూడియుండినంతమాత్రమున ధర్మము నిలిచినట్లగునా? ఈ ప్రశ్నకు పదార్థవిజ్ఞానశాస్త్రము నేరుగా సమాధానము చెప్పజాలదు; జడకణములకు పుణ్యపాపములు లేవు. అయినను పరమాణుగర్భమున కూడిక యెట్లు నిలుచునో, యెట్లు విఱుగునో తెలిసికొన్నచో మన యాలోచనకు కొంత వెలుగు దొరకును.

పరమాణువు నడుమ కేంద్రకము కలదని రూథర్‌ఫర్డు 1911లో వెల్లడించెను. అందు ప్రోటానులును, 1932లో చాడ్విక్కు కనిపెట్టిన న్యూట్రానులును ఉన్నవి. ప్రోటానులన్నియు ధనవిద్యుత్తు గలవి గనుక ఒండొంటిని త్రోసికొనును. అంత యిఱుకుచోట అవి చెదరిపోకుండుటకు కారణము వేఱొక బలము. ఆ సమీపమున అది విద్యుత్తుయొక్క త్రోపుకంటె సుమారు 100 రెట్లు అధికము. ప్రోటాను, న్యూట్రాను అను భేదమును అది పాటింపదు. కాని దాని యేలుబడి మిక్కిలి చిన్నది. సెంటీమీటరును 10 లక్షల కోట్ల భాగములు చేసినచో, అట్టి రెండుమూడు భాగముల దూరము దాటగానే అది దాదాపు శూన్యమగును. కావున ప్రతి కణమును తన చుట్టునున్న కణములనే పట్టుకొనగలదు. త్రోపు అట్లు గాదు. కేంద్రకమంతట వ్యాపించి ప్రతి ప్రోటానును తక్కిన ప్రోటానులన్నిటినుండియు నెట్టుచుండును.

ఇందుచేతనే కేంద్రకము పెద్దదైనకొలది దాని పొందిక సడలును. 82 ప్రోటానులు గల సీసమును దాటిన మూలకములలో స్థిరమైన కేంద్రక మొక్కటియు లేదు. యురేనియము 235లో 92 ప్రోటానులు, 143 న్యూట్రానులు కలవు. దానికి మఱొక న్యూట్రాను తగిలినచో కేంద్రకము సాగి, నడుమ సన్నబడి, రెండు తునకలు కావచ్చును. అప్పుడు ఆ తునకలను విసరివైచునది అంతవఱకు లోన అణగియున్న త్రోపే. 1945 ఆగస్టు 6వ తేదీన హిరోషిమాను దగ్ధము చేసిన శక్తికి మూలము ప్రధానముగా నిదియే.

మన సంఘమును పరికింపుడు. కులాభిమానము ప్రక్కయింటివానికి అన్నము పెట్టును. ఊరి చివఱ పేటవానిని మంచినీటి బావికి రానీయదు. మన ప్రేమ చేయి చాచినంత దూరము పోవును. మన ద్వేషము ఎన్నడును చూడని మనుష్యుని వఱకును పోవును. అట్టి సంఘము శాంతముగా కనబడినను, దాని శాంతి అణగియున్న వైరమే. చిన్న దెబ్బ తగిలిననాడు అది బయల్పడును.

ప్రకృతియే యిట్లుండగా మనము సంకుచితులమగుట సహజము గదాయని కొందఱందురు. ఈ వాదము నిలువదు. ప్రోటానునకు తన బలముయొక్క హద్దును మార్చుకొను స్వేచ్ఛ లేదు; మనుష్యునకు గలదు. ఈ కేంద్రకబలమునకు 1935లో మొదట చక్కని యుపపత్తి చెప్పినవాడు జపానుదేశీయుడగు యుకావా హిదేకి. కణములు తమలోతాము వేఱొక కణమును ఇచ్చిపుచ్చుకొనుటచే బంధము కలుగుననియు, ఆ కణమునకు బరువుండుటచేతనే బంధము దూరము పోజాలదనియు ఆయన యూహించెను. 1947లో పావెల్ బృందము అట్టి కణమును కనుగొనెను. 1949లో యుకావాకు నోబెలు బహుమానము లభించెను. బాంబులు పడినది ఆయన దేశముమీదనే. అయినను 1955లో రస్సెలు, ఐన్‌స్టీనులతోపాటు ఆయన సంతకము చేసిన ప్రకటన పగను కోరలేదు. జాతిమతములను పక్కనపెట్టి, మనుష్యులుగా మనుష్యులకు చెప్పుచున్నామని వారు పలికిరి.

కావున ఒక కూటమిని మెచ్చుకొనుటకు ముందు అది యెంత బిగువుగా నున్నదని మాత్రమే యడిగిన చాలదు. దాని మైత్రి యెంతదూరము పోవుచున్నదో, దాని వైరము యెంతదూరము పోవుచున్నదో రెండును కొలువవలయును. మొదటిది రెండవదానికి తక్కువయైనంతకాలము అది సంఘసంస్కర్తకు చేయవలసిన పని మిగిల్చియే యుండును.