ఒట్టు పెట్టనివాడు, ఒట్టు తప్పనివాడు

డిర్క్ విలెమ్స్ ఆ రోజు తప్పించుకోగలిగేవాడే. చెరలోంచి బయటపడ్డాడు. గడ్డకట్టిన నీటి మీది పలచని మంచుపొరను ఎలాగో దాటేశాడు. వెంటపడిన భటుడి కాళ్ళకింద మాత్రం ఆ పొర విరిగింది. అతను మునిగిపోతుంటే డిర్క్ వెనక్కి వచ్చి, చెయ్యి అందించి పైకి లాగాడు. అక్కడే పట్టుబడ్డాడు. 1569 మేలో హాలండ్‌లోని ఆస్పెరెన్ ఊరి బయట అతన్ని సజీవంగా కాల్చేశారు.

అతను చేసిన నేరమేమిటి? ఊహ తెలిశాక మళ్ళీ బాప్తిస్మం తీసుకున్నాడు. తన ఇంట్లో రహస్య కూటాలు పెట్టించాడు, మరికొందరికి అక్కడే బాప్తిస్మం ఇప్పించాడు. మెన్నో సైమన్స్ అనే బోధకుడి పేరుమీద మెన్నొనైట్లుగా స్థిరపడిన విశ్వాసులు ఇలాంటివాళ్ళే. కత్తి పట్టరు. కొండమీది ప్రసంగంలో క్రీస్తు వద్దన్నాడు కాబట్టి ఒట్టు పెట్టరు.

1660లో వాన్ బ్రాట్ అనే డచ్చి బోధకుడు తన హతసాక్షుల గ్రంథంలో ఈ కథ రాశాడు. 1685 ముద్రణకు యాన్ లైకెన్ బొమ్మలు చెక్కాడు. నీళ్ళలో ఉన్నవాడికి డిర్క్ రెండు చేతులూ చాస్తున్న ఆ బొమ్మ మెన్నొనైట్లందరికీ తెలుసు.

ఎందుకు వెనక్కి వచ్చాడు? శత్రువును ప్రేమించమన్న ఆజ్ఞ వల్ల అని విశ్వాసి చెబుతాడు. పరలోకంలో దొరికే ఫలం కోసమే అయితే ఆ పని విలువ నా దృష్టిలో తగ్గిపోతుంది. కానీ మనిషి మునిగిపోతున్నప్పుడు ఫలం లెక్కవేసుకునే వ్యవధి ఎక్కడుంది? ఆలోచన కన్నా ముందు చేతులే కదిలి ఉంటాయి. అలా కదిలే చేతులు ఊరికే తయారుకావు. ఎవరినీ చంపబోమని చావుకు సిద్ధపడిన ఒక సమాజం వాటిని తయారుచేసింది. దేవుడున్నాడా లేడా అన్న వాదన ఎటు తేలినా, ఆ గౌరవం ఆ సమాజానికి ఇవ్వాల్సిందే.

నన్ను వదలనిది బొమ్మలో లేని సంగతి. ఒడ్డుకు చేరిన భటుడు డిర్క్‌ను వదిలేద్దామనుకున్నాడు. అప్పుడు ఊరి మేయరు, నువ్వు చేసిన ప్రమాణం గుర్తు తెచ్చుకో అని గద్దించాడు. భటుడు లొంగిపోయాడు. ఇచ్చిన మాటకు కట్టుబడి, తన ప్రాణం నిలబెట్టినవాణ్ణే అప్పగించాడు. ఒట్టే పెట్టని మనిషిని ఇంకొకడి ఒట్టు చంపింది.

కాల్చే రోజున తూర్పుగాలి బలంగా వీచి, మంటను అతని పైభాగానికి తగలకుండా తోసేసింది. చావు త్వరగా రాలేదు. డెబ్బైసార్లకు పైగా దేవుణ్ణి పిలిచిన ఆ కేకలు పక్కనున్న లీర్‌డామ్ దాకా వినిపించాయి. అన్నిసార్లు పిలిచినవాడికి ఏ జవాబు వచ్చింది? విశ్వాసులు చెప్పే సమాధానం నాకు చాలదు. అయినా వాన్ బ్రాట్ ఈ ఘోరాన్ని దాచకుండా రాసినందుకు ఆ పుస్తకమంటే నాకు గౌరవం. చివరికి అక్కడున్న అధికారి కూడా చూడలేక గుర్రాన్ని వెనక్కి తిప్పి, త్వరగా ముగించమని తలారికి చెప్పాడు. అంటే గుండె కరిగినవాళ్ళు ఇద్దరున్నారు. ఇద్దరూ పని మాత్రం ఆపలేదు.

మనకు భీష్ముడున్నాడు. నిండుసభలో ద్రౌపదిని ఈడ్చుకొచ్చిన రోజున, ఆయన నిలబెట్టుకున్న ప్రతిజ్ఞ ఎవరిని కాపాడింది? మాట తప్పనివాణ్ణి మనం మరీ తొందరగా మహాత్ముణ్ణి చేసేస్తాం. ఆ మాట ఎవరి మెడకు చుట్టుకుందో కూడా చూడాలి. తనను బతికించినవాణ్ణి చావుకు అప్పగించమనే ప్రమాణానికి ఏ మనిషీ బద్ధుడు కాడని నా గట్టి నమ్మకం. భటుడు ఆ రోజు ఒట్టు తప్పి ఉండాల్సింది.

డిర్క్ విశ్వాసం తెలుగునేలకూ చేరింది. రష్యా నుంచి 1889లో బయలుదేరి వచ్చిన అబ్రహాం ఫ్రీజెన్ దంపతులు నల్లగొండలో మిషను పెట్టారు. పాలమూరు ప్రాంతంలోనూ మెన్నొనైట్ బ్రదరెన్ సంఘాలు ఏనాడో వేళ్ళూనాయి. అక్కడి సండే స్కూలు టీచర్లకు ఒక విన్నపం. చెయ్యి చాచిన చోట కథ ఆపకండి. గద్దించిన మేయరును, లొంగిపోయిన భటుణ్ణి, గుర్రం తిప్పుకున్న అధికారిని కూడా పిల్లలకు చూపించండి. ఆ భటుడి స్థానంలో నువ్వుంటే ఏం చేసేవాడివని అడగండి. జవాబు మాత్రం మీరు చెప్పకండి.