అవధానలోపము అపరాధమా?

బాలుడు పుస్తకము ముందు కూర్చుండియు చదువనిచో లోకము రెండు కారణములనే యెఱుగును: బుద్ధి లేకుండుట, లేదా సోమరితనము. ఈ రెంటికిని చెందని మూడవ కారణ మొకటి కలదని, ఇరువదియేండ్లు పాఠములు చెప్పియు, మేము ఇటీవలగాని తెలిసికొనలేదు.

మా యొద్ద చదివిన యొక బాలుడు ఇంటర్మీడియేటులో మంచి మార్కులు తెచ్చుకొని ఇంజనీరింగు కళాశాలలో చేరెను. జూనియరు కళాశాల హాస్టలులో వేకువ మొదలు రాత్రి వఱకు గంటగంటకు నొక పని నిర్ణయింపబడి యుండెను. క్రొత్త కళాశాలలో ఆ గంటయు లేదు, ప్రక్కన నిలిచి చూచువాడును లేడు. రెండేండ్లలో ఏడు బ్యాక్‌లాగులు మిగిలెను. తండ్రి చెడుసావాస మనెను. తల్లి దిష్టి యనెను. మేమును మనసు పెట్టి చదువుమని ఉపదేశించితిమి. అతడు తలవంచుకొని, "పెడుతూనే ఉన్నాను మాస్టారూ, అది అక్కడ నిలవదండీ" అనెను. అది సాకని తలచితిమి.

పిమ్మట మానసిక వైద్యు డతనిని పరీక్షించి, చిన్ననాటి నడవడిని తల్లి నడిగి తెలిసికొని, ఇది అవధానలోపమను రుగ్మత యని నిర్ణయించెను. అష్టావధానమున అప్రస్తుతప్రసంగమునకు ఒక పృచ్ఛకుడు కూర్చుండును గదా! ఇట్టివారి తలలో పిలువని పృచ్ఛకు డొకడు పగలెల్ల ఆ ప్రసంగము సాగించుచుండును.

ఇది నిన్న మొన్న కల్పించిన వ్యాధి కాదు. ఒకే విషయమున మనస్సు నిలుపజాలమి పుట్టుకతోనే రావచ్చునని 1798లో అలెగ్జాండర్ క్రైటన్ అను స్కాట్లండు వైద్యుడు వ్రాసెను. 1902లో జార్జి స్టిల్ అను వైద్యుడు లండనులో ఉపన్యసించుచు, బుద్ధిమాంద్యము లేకయే నిగ్రహము లోపించిన బాలురను వర్ణించి, దానిని నైతికనిగ్రహ లోపమని పేర్కొనెను. రోగమని గుర్తించిన వైద్యుడు సైతము పేరులో నీతిని విడువజాలకపోయెను! 1980లో అమెరికా మానసిక వైద్యుల గ్రంథమున అవధానలోపమను పేరు చేరెను. పండ్రెండేండ్లకు ముందే కొన్ని లక్షణములు కనబడి యుండవలెనని నేటి వైద్యుల నియమము. కావున కళాశాలకు వచ్చిన పిమ్మట సెల్‌ఫోనుతో పట్టుబడిన దురలవాటు మాత్రమే ఈ రుగ్మత కాజాలదు.

రోగమన్నచో బాధ్యత తొలగిపోదా యని పెద్దలు శంకింతురు. ఈ శంక త్రోసిపుచ్చదగినది కాదు. కాని నింద వేఱు, బాధ్యత వేఱు. దూరపుచూపు లేని విద్యార్థికి నల్లబల్ల కనబడకున్న నది యతని తప్పు కాదు. కండ్లజోడు పెట్టుకొనుట మాత్ర మతని విధి. ఇంకను శ్రద్ధగా చూడుమని గద్దించుట మన యవివేకము. గీత ఆఱవ యధ్యాయమున అర్జునుడు మనోనిగ్రహము దుష్కరమని మొఱపెట్టుకొనగా, కృష్ణు డతనిని సోమరి యనలేదు. కష్టమే యని యొప్పుకొని, ఆ పిమ్మటనే ఉపాయము చెప్పెను.

ఇచ్చటను ఉపాయములు కలవు. వైద్యుడు వ్రాసియిచ్చిన మందు పెక్కుమందికి మేలు చేయును. ఆ మాత్రనే తోడివిద్యార్థి యొద్ద ఎరువు తెచ్చుకొనుట ప్రమాదము. పెద్దపనిని చిన్నచిన్న భాగములు చేయుట, గడువులను గోడపై వ్రాసి పెట్టుట, ఫోనును వేఱొక గదిలో నుంచుట, వేళకు నిద్రించుట, ఒక తోడు దగ్గఱ కూర్చుండి చదువుట సాయపడును. ఇవి విద్యార్థి విధులు. ఇంటివారి విధి, నింద మాని తోడు కూర్చుండుట.

ఆ బాలు డిప్పుడు సెలవుదినముల సాయంకాలము మా వసారాలో చదువుకొనును. మేము ఎదుట కాపీపుస్తకములు దిద్దుకొందుము. ఏమియు మాటలాడము. బ్యాక్‌లాగులలో నాలుగు తీఱినవి, మూడు మిగిలి యున్నవి. కాని ఈ యిరువదియేండ్లలో వెనుకబల్లపై నిలువబెట్టి మేము సోమరులన్నవారిలో ఇట్టివా రెందఱుండిరో! వారిని మరల పిలిచి క్షమాపణ కోరుటకు మాకు దారి లేదు. చదువరులారా, మీ బిడ్డ ఇంకను మీ యింటనే యున్నాడు. అతనిని సోమరి యనుటకు ముందు, చదువ కూర్చున్నప్పు డేమగుచున్నదో ఒక్కమాఱు అడిగి, అతడు చెప్పునది తుదివఱకు వినుడు.