ఎర లేని పిలుపు

ప్రియ చదువరీ, మన ఊరి చెరువు గట్టున గాలము వేసి కూర్చున్నవానిని నీవు చూచియుందువు. గాలపు ముల్లుకు వానపామును గ్రుచ్చి, బెండు ఎప్పుడు మునుగునాయని రెప్పవేయక చూచుచుండును. చేప ఆకలితో వచ్చును. దానికి కనబడునది ఆహారము, కనబడనిది ముల్లు. ఈ చిన్న సంగతిలో మనకొక పెద్ద ప్రశ్న యున్నది. మన ప్రభువు తన శిష్యులను మనుష్యులను పట్టు జాలరులుగా చేయుదునని పిలిచెను గదా! అట్లయిన మనుష్యులను పట్టుటకు మనము ఎర వేయవచ్చునా? మంచి పని కొరకు ముల్లును కొంచెము మరుగుచేసిన తప్పేమి?

ఈ ప్రశ్న తేటపడుటకు నిన్ను ఒక దూరపు నది యొద్దకు తీసికొని పోయెదను. అక్కడ గాలపు వేట ఎంత నేర్పుతో జరుగునో చూచి, తరువాత మన ఊరికి తిరిగి వత్తము.

అమెరికా దేశమున మిషిగన్ రాష్ట్రపు ఉత్తర భాగములో ఆసాబుల్ అను నది కలదు. ఇసుక నేలలోని ఊటల నీరు దానిలో చేరుచుండుటచేత వేసవిలోను అది చల్లగానే యుండును. అది గ్రేలింగ్ అను పట్టణము ప్రక్కగా సాగి, తూర్పునకు పోయి, హ్యూరన్ అను మహా సరస్సులో కలియును. ఆ నదిలో ట్రౌట్ అను చేపలు గలవు. ఒంటినిండ చుక్కలు గల అందమైన చేప అది. చల్లని తేటనీరు లేనిదే బ్రదుకజాలదు. గ్రేలింగునకు దిగువను దాదాపు 9 మైళ్ల నదిని అక్కడి వేటగాండ్రు ‘పరిశుద్ధ జలము’ అని పిలుచుకొందురు. అక్కడ వానపాము వంటి ఎరలు వేయరాదు. చేతితో కట్టిన ఈగతోనే చేపను పట్టవలెను. పట్టినదానిని మరల నీట విడువవలెను.

చేతితో కట్టిన ఈగయనగా, చిన్న ముల్లుకు కోడి ఈకను, బొచ్చును దారముతో చుట్టి, నీటిమీద వాలు పురుగువలె కనబడునట్లు చేసినది. శరదృతువులో వాడువానిలో కొన్ని వడ్లగింజ కంటె పెద్దవి కావు. అక్టోబరు నెల వచ్చునప్పటికి ఒడ్డున మేపుల్ చెట్ల ఆకులు ఎర్రబారును. ఉదయమున నీటిమీద పొగమంచు లేచును. ఆ దినములలో నది తెలియనివారు కూలి యిచ్చి, నది తెలిసిన మార్గదర్శిని తోడు తీసికొందురు. సుమారు 24 అడుగుల పొడవుగల సన్నని కొయ్య పడవలో వేటగాడు ముందు కూర్చుండును. మార్గదర్శి వెనుకనుండి గడతో పడవను నడుపును.

ట్రౌట్ ప్రవాహమునకు ఎదురుగా తల పెట్టి నిలిచి, నీరు తెచ్చు ఆహారమునకై కనిపెట్టుచుండును. అది ఏ మాను ప్రక్కను, ఏ రాతి నీడను నిలుచునో మార్గదర్శికి తెలియును. “అదిగో, ఆ పడిన మానుకు పైగా వేయుము” అని చెప్పును. ఈగ నీటితోపాటు సహజముగా తేలి రావలెను. దారము దానిని ఇంచుక ప్రక్కకు లాగినను చేప నమ్మదు, నోరు తెరువదు. ఆ వేటలోని నేర్పంతయు ఇదియే: లేనిదానిని ఉన్నట్లు చూపుట.

ఇప్పుడు ఆ మార్గదర్శిని మరియొక ప్రక్కనుండి చూడుము. “ఇక్కడ లోతు ఎక్కువ, దిగవద్దు” అని వేటగానికి చెప్పును. “తెల్లగా మెరయు ఆ గులకరాళ్లమీద అడుగు పెట్టవద్దు, ఆడుచేప తోకతో గుంట చేసి అక్కడ గ్రుడ్లు పెట్టియున్నది” అని ఆపును. నమ్మకమైనవాడైన యెడల, “ఈ దినమున మనకు ఒక్క చేపయు దొరకకపోవచ్చును” అని బయలుదేరకముందే చెప్పును. కూలి పోవునేమోయని దాచిపెట్టడు.

ఒకే పడవలో ఒకే మనుష్యుడు రెండు పనులు చేయుచున్నాడు. చేపకు లేనిదానిని చూపుచున్నాడు. మనుష్యునికి ఉన్నది చెప్పుచున్నాడు. ఈ రెంటిలో సువార్త చెప్పువానికి తగిన పని ఏది?

చదువరీ, ఇప్పుడు మన ఊరికి వత్తము. “మా కూటమునకు రండి, మీ అప్పులు తీరును.” “బాప్తిస్మము పొందుము, నీ కుమారునికి ఉద్యోగము దొరకును.” “నమ్మిన ఇంటికి రోగము రాదు.” ఇట్టి మాటలు నీవు వినలేదా? ఒకవేళ నీవే చెప్పలేదా? ఇవి ఈకతో కట్టిన ఈగలు. వీనిలో సిలువ కనబడదు. ఆ మాట నమ్మి వచ్చిన బీదవాని యింట బిడ్డ జబ్బుపడినప్పుడు వాడేమనుకొనును? దేవుడు తనను మోసగించెననుకొనును. అబద్ధము మనది, నింద దేవునిది! పట్టి విడిచిన చేపకు నోట గాయముండును. తరువాత నిజమైన ఈగ వాలినను అది జంకును. ఎరచేత వచ్చి విసిగి వెళ్లిపోయిన మనుష్యుడును అట్టివాడే. వానికి మరల నిజము చెప్పుట ఎంత కష్టము!

ప్రభువు ఏమి చేసెను? యోహాను సువార్త 6వ అధ్యాయము చదువుము. రొట్టెలు తిన్న జనసమూహము ఆయనను వెదకుచు వచ్చెను. వారిని నిలుపుకొనుటకు మరియొక పూట రొట్టె చాలును. ఆయన అట్లు చేయలేదు. మీరు వచ్చినది రొట్టెల కొరకేయని వారి ముఖముననే చెప్పెను. అనేకులు వెనుదీసిరి. అప్పుడైనను ఆయన మాట మెత్తబరచుకొనక, మీరును వెళ్లెదరాయని పన్నిద్దరిని అడిగెను. తలుపు తెరిచియుంచి పిలిచిన పిలుపు అది. లూకా 5వ అధ్యాయములో ప్రభువు పేతురుతో చెప్పిన ‘పట్టుట’ అను మాటకు గ్రీకు భాషలో ప్రాణముతో పట్టుట అని అర్థము. నీటిలోనుండి తీసిన చేప చచ్చును. ప్రభువు పట్టిన మనుష్యుడు బ్రదుకును. బ్రదికించు పనికి మోసమెందుకు?

ఇది మన తెలుగు దేశములో ఒక నది ఒడ్డున పరీక్షకు వచ్చిన సంగతియే. 1876-78 నాటి గొప్ప క్షామములో ఒంగోలు మిషనరీయైన జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ల పనిని ఒప్పుకొని, ఆకలిగొన్న వేలమందికి కూలి చూపించెను. బాప్తిస్మము కావలెనని అనేకులు అడిగిరి. ఆయన ఏడాదికి పైగా ఇయ్యలేదు. కూడు కొరకు వచ్చితిరో, క్రీస్తు కొరకు వచ్చితిరో తెలియవలెనని ఆగెను. ఇక ధనసహాయము లేదని చెప్పినను జనులు వెనుకకు పోలేదు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఎర తీసివేసిన తరువాత వచ్చినవారు వారు.

అట్లయిన ఆకలిగొన్నవానికి అన్నము పెట్టరాదాయని అడుగుదువేమో. తప్పక పెట్టవలెను. క్లౌ దొరగారు కూలి చూపుట మానలేదు, బాప్తిస్మమునే ఆపెను. అన్నము ఎర కాదు. అన్నములో దాచిన ముల్లు దానిని ఎరగా చేయును. పరీక్ష సులభము. నీవు సహాయము చేసినవాడు ఎన్నడును నీ మందిరపు గడప త్రొక్కడని తెలిసినను మరల సహాయము చేయుదువా? చేసిన యెడల అది ప్రేమ. లేనియెడల నీ చేతిలోనిది గాలము. మంచి సమరయుడు గాయపడినవాని కట్లు కట్టి, సత్రమువానికి సొమ్మిచ్చి, తన దారిని పోయెను. వానినుండి ఏ మాటయు పుచ్చుకొనలేదు.

కావున చదువరీ, ఈ వారము నీవు పొరుగువానితో ప్రభువును గూర్చి మాటలాడునప్పుడు పడవ వెనుక నిలిచిన ఆ మార్గదర్శిని జ్ఞాపకము చేసికొనుము. చేపతో మాటలాడినట్లు కాక, మనుష్యునితో మాటలాడినట్లు మాటలాడుము. లోతు ఎక్కడనో చెప్పుము. నమ్మినవాని యింటను కన్నీరుండునని చెప్పుము. ఆ కన్నీటిలో విడువని స్నేహితుడొకడు కలడనియు చెప్పుము. విని వెళ్లిపోయినను వానిని ప్రేమించుము. మందిరములో చాపలు ఖాళీగా నుండిన నుండనిమ్ము. నిజము విని వచ్చినవాడొక్కడు కూర్చున్నను, ఆ చాప నిండినదే.

ప్రభువా, మా మాటలలో దాచిన ముల్లును తీసివేయుము. నీవు మమ్మును పిలిచినట్లే మేమును ఇతరులను పిలుచునట్లు చేయుము.