పుట్టువెంట్రుకలు - లింగధారి శిశువు



మన యిండ్లలో శిశువునకు ఏడాది నిండవచ్చుచుండగా ఒక ప్రశ్న తలయెత్తును. పుట్టువెంట్రుకలు తీయించవలెనా, వలదా? నాయనమ్మ శ్రీశైల మల్లన్నకో, వేములవాడ రాజన్నకో ఎన్నడో మ్రొక్కుకొని యుండును. వచనములు చదివిన తండ్రి "లింగము కట్టిన బిడ్డకు ఈ మ్రొక్కులేల?" యనును. తల్లి యిద్దరి నడుమ నలిగిపోవును. ప్రశ్న చిన్నదే. కాని దీనిమీదనే మాటపట్టింపులు పుట్టుట కద్దు.

మొదట వెంట్రుక యన నేమో చూతము. చర్మముపై కనబడు భాగము జీవము లేనిది; దాని మూలము చర్మము లోపల నున్నది. కావున గొరిగినంతమాత్రమున జుట్టు ఒత్తుగా పెరుగదు. తెగిన కొన మొద్దువారి గరుకుగా తోచును, అంతియే. శిశువు తొలిజుట్టు మొదటి కొన్ని నెలలలో చాలవరకు తనంతట తానే రాలి క్రొత్తజుట్టు వచ్చును. తీయించిన మేలనుటకు గాని, మానిన కీడనుటకు గాని దేహధర్మమున ఆధారము లేదు.

ఇక ఆచారమును విచారింతము. వైదికసంప్రదాయమున చౌలము షోడశ సంస్కారములలో నొకటి. 12వ శతాబ్దమున బసవేశ్వరుడు బాల్యమందే ఉపనయనమును నిరాకరించెనని పాల్కురికి సోమనాథుని బసవపురాణము తెలుపుచున్నది. మన శిశువునకు ముఖ్యసంస్కారము లింగధారణము. అది ఆడబిడ్డకును మగబిడ్డకును సమానము. కేశఖండనమువలన ఆ బిడ్డకు క్రొత్తగా చేరు పవిత్రత లేదు. మానుటవలన తొలగు పవిత్రతయు లేదు. దేహమే దేవాలయమన్న బోధను నమ్మినవారికి శిశువు జుట్టుతో నున్నను, బోడితలతో నున్నను దేవాలయమే.

అట్లయిన మ్రొక్కు మాట యేమి? బిడ్డ జ్వరమున పడియున్న రాత్రి ముసలితల్లి చేసిన మ్రొక్కు బేరము కాదు, ఆర్తి. దానిని మూఢత యని నవ్వుట జ్ఞానము కాదు. కాని మ్రొక్కినది ఆమె, తల బిడ్డది. ఒకరి మ్రొక్కు వేరొకరి తలపై అప్పుగా నిలుచునా? నిలువదు. తీర్చనిచో శివుడు పసికందును పీడించునని తలచుట భక్తి కాదు. శివునికి క్రౌర్యమును అంటగట్టుట. మ్రొక్కినవారు తమ కాయకఫలమునుండి దాసోహము చేసి, ఆకలిగొన్నవారికి అన్నము పెట్టి ఆ కృతజ్ఞతను చెల్లింపవచ్చును.

అంతటితో ఆమె మనసు కుదుటపడనిచో? అప్పుడు తీయించుటయే మేలని నా అభిప్రాయము. ఇది భయమునకు లొంగుట కాదా యని కొందరడుగుదురు. కీడు కలుగునని జడిసి చేసిన లొంగుబాటే. పెద్దప్రాణపు ఊరటకై చేసిన కరుణ. దయయే ధర్మమూలమని బసవన్న బోధించెను గదా! వెంట్రుక మరల మొలచును, విరిగిన మనసు అంత సులువుగా అతుకదు. అయితే "తీయించకున్న కీడు" అను మాట మాత్రము పెరుగుచున్న బిడ్డ చెవిని పడనీయరాదు. ఆ భయము ఈ తరముతో ఆగవలెను.

తీయించువారు కొన్ని నియమములు పాటింతురు గాక. నడినెత్తిమీది మెత్తని మాడు సాధారణముగా 12 మొదలు 18 నెలలలోపల పూడును. అంతదాక తొందరపడకుండుట మంచిది. ప్రతి బిడ్డకును క్రొత్త బ్లేడునే వాడవలెను. ఒకరికి వాడినది వేరొకరికి వాడిన రక్తముద్వారా కామెర్ల వంటి వ్యాధులు సోకవచ్చును. విందులకై అప్పు చేయరాదు. క్షురకవృత్తి చేయు సోదరుని వాకిట నిలిపి, పని ముగియగానే మైల యని నీళ్లు చల్లుట మనకు తగదు. పంచసూతకములను త్రోసిపుచ్చిన మార్గము మనది. బసవేశ్వరుని సన్నిధి నుండిన హడపద అప్పణ్ణను ఆ వృత్తివారు తమ పూర్వపురుషునిగా గౌరవింతురు. బిడ్డ తలను తాకిన ఆ చేతులును కాయకము చేయు చేతులే.

కావున తీయించినను ధర్మహాని లేదు, మానినను లేదు. తీయించినవారు మానినవారిని భయపెట్టరాదు. మానినవారు తీయించినవారిని ఎగతాళి చేయరాదు. బిడ్డ మెడలోని లింగము రెండిండ్లలోను ఒక్కటే.