కడిగినా పోని ప్రశ్న

చచ్చిన జంతువు పుర్రెను తెల్లగా చేసి ఇంట్లో అలంకారంగా పెట్టుకోవచ్చా? "ప్రాణం పోయాక ఉత్త ఎముకే కదా" అంటారు కొందరు. "ఇంట్లో ఎముకలేమిరా!" అంటుంది మా అవ్వ.

ముందు పని ఎలా చేస్తారో చూద్దాం. మేక పుర్రెను నీళ్ళలో కొన్ని వారాలు నానబెడితే మాంసం కుళ్ళి ఊడిపోతుంది. ఎక్కువగా ఉడకబెడితే కొవ్వు ఎముకలోకి ఇంకుతుంది. బ్లీచింగ్ పౌడర్ వేస్తే ఎముక పాడవుతుంది. సబ్బునీళ్ళతో జిడ్డు తీసి, హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో ఉంచితే తెల్లబడుతుంది. ఇంత ఓపికగా చేసేవాడు ఏదో ఒకటి నేర్చుకుంటాడు. మేకకు పైదవడలో ముందుపళ్ళు ఉండవు. కింది పళ్ళు చూసే కాపరులు వయసు చెబుతారు. ఇది చదువే కదా, తప్పెలా అవుతుంది?

అయితే ఆ తెలుపు ఒక విషయాన్ని దాస్తుంది. మాంసం అంగడి నుంచి తెచ్చిన మేక తల, అడవిలో వేటాడిన జింక తల, కడిగాక రెండూ ఒకేలా మెరుస్తాయి. అడవి జంతువు పుర్రెను అనుమతి లేకుండా ఇంట్లో ఉంచుకోవడాన్ని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు. "నాకు దొరికింది" అనే మాట చాటున వేటగాడు కూడా దాక్కోవచ్చు మరి.

కాబట్టి పుర్రె ఎంత తెల్లగా ఉందని కాదు, ఎలా వచ్చిందని అడగాలి. పక్కన ఒక చీటీ పెడదాం: ఇది ఏ జంతువు, ఎలా చనిపోయింది, ఎందుకు ఉంచుకున్నాం. ఆ చీటీలో నిజం రాయలేకపోతే ఆ పుర్రె మన ఇంట్లో ఉండకూడదని నా అభిప్రాయం.